దేవుడు వరమిచ్చినను

'జీతము' అను మాటకు తెలుగునాట నొక యర్థమును, కన్నడనాట మరియొక యర్థమును గలవు. మన గుమాస్తా నెల మొదటి దినమున నెదురుచూచునది జీతము. కన్నడమున జీతమనగా, అప్పునకు దేహమును కుదువబెట్టి, ఆ యప్పు తీరువరకును ఋణదాత చేనిలోను, పశువుల కొట్టములోను చేయు చాకిరి. తెలంగాణపు పల్లెలలో 'జీతగాడు' అను మాటయందు ఈ రెండర్థముల నీడలును కలిసియున్నవి. బెంగుళూరికి దక్షిణమున, హోసూరు సరిహద్దుచెంత నున్న ఆనేకల్ తాలూకాలో కన్నడము, తెలుగు, అరవము ఒకే సంతలో వినవచ్చును. అచ్చట నొకడు 'జీతమునకున్నాను' అని చెప్పిన, అది యే జీతమో వాని భాషను బట్టి కాక వాని బ్రదుకును బట్టి తెలిసికొనవలసియుండెను.

వెట్టిచాకిరి వ్యవస్థను రద్దుచేయుచు 1975 అక్టోబరులో ఆర్డినెన్సును, 1976లో చట్టమును వెలువడినవి. ఆ చట్టము ప్రకారము వెట్టివాని యప్పు ఆ దినముననే చచ్చినది. వాని నాపువాడు నేరస్థుడు. అంతకు పూర్వమే మన రాజ్యాంగములోని 23వ అధికరణము వెట్టిని నిషేధించియుండెను. అయినను ఒక దశాబ్దము గడచిన పిదపకూడ ఆనేకల్ పల్లెలలో జీతగాండ్రుండిరి. వారిలో మిక్కిలిమంది షెడ్యూల్డు కులములవారు. జీతవిముక్తికై కర్ణాటకమున పాటుపడిన 'జీవిక' సంస్థ తొలినాళ్ల కృషి ఈ తాలూకాలోనే సాగినది. దాని స్థాపకుడగు కిరణ్ కమల్ ప్రసాదుగారు భారత దళితుల విమోచనోద్యమమును అమెరికా నల్లవారి విమోచనోద్యమముతో పోల్చి యొక గ్రంథమును వ్రాసిరి. ఆనేకల్ జీతగానిని కన్నులార చూచినవారికి మిసిసిపీ ప్రత్తిచేలు జ్ఞప్తికి వచ్చుట వింతగాదు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత రెండుచోట్లను సార్థకమైనది.

అమెరికా చరిత్రలో నేటి మన పాఠకులు ముఖ్యముగా తెలిసికొనవలసినది బానిసత్వము రద్దయిన కథ కాదు. అది రద్దయిన పిమ్మటి కథ. అంతర్యుద్ధము 1865లో ముగిసెను. ఆ యేటనే పదుమూడవ సవరణముచే దాస్యము నిషేధింపబడెను. 1868లో పదునాలుగవ సవరణము నల్లవారిని పౌరులను చేసెను. 1870లో పదునైదవ సవరణము జాతిని బట్టి ఓటు నిరాకరింపరాదనెను. ఓడిన దక్షిణ రాష్ట్రములలో కేంద్ర సైన్యముండెను. ఆ రక్షణలో నిన్నటి బానిసలు ఓటువేసిరి, పాఠశాలలు పెట్టుకొనిరి, శాసనసభలలో కూర్చుండిరి. 1870లో హైరమ్ రెవెల్సు అను నల్లజాతీయుడు మిసిసిపీ తరఫున సెనేటులో ప్రవేశించెను. ఈ కాలమునకే 'పునర్నిర్మాణ యుగ'మని పేరు.

ఆ యుగము పండ్రెండేండ్లకు మించలేదు. 1876 నాటి అధ్యక్ష ఎన్నిక వివాదగ్రస్తమై, రిపబ్లికను కక్షవారికి పదవియు, దక్షిణపు తెల్లవారికి స్వేచ్ఛాధికారమును దక్కునట్లు 1877లో నొక రాజీ కుదిరెను. దక్షిణ రాష్ట్రముల ప్రభుత్వ భవనములను కాచుచున్న సేన తన దండులకు మరలిపోయెను. సవరణములు మూడును రాజ్యాంగములో నట్లే యుండెను. ఒక్క యక్షరమైనను తుడిచివేయబడలేదు. వానిని అమలుజరుపు చేయి మాత్రము వెనుకకు తీయబడెను. పిదప జరిగినదంతయు ఈ యొక్క వాక్యములో నిమిడియున్నది.

మొదట న్యాయస్థానము చేయివిడిచెను. 1873 ఈస్టరు పండుగనాడు లూయిసియానాలోని కోల్ఫాక్సు గ్రామమున తెల్లవారి మూక పదులకొలది నల్లవారిని వధించెను. లొంగిపోయినవారిని సైతము కాల్చిచంపెను. శిక్షపడిన కొద్దిమందియు 1876లో సుప్రీము కోర్టు తీర్పుచే బయటపడిరి. రాజ్యాంగ సవరణము రాష్ట్ర ప్రభుత్వములను కట్టడిచేయునే గాని ప్రైవేటు వ్యక్తులను గాదని ఆ తీర్పు సారాంశము. బండ్లలో, పూటకూళ్ల యిండ్లలో, నాటకశాలలలో వివక్షను నిషేధించిన 1875 నాటి చట్టమును అదే న్యాయస్థానము 1883లో కొట్టివేసెను. విముక్తుడైనవాడు ఏదోయొక దినమున చట్టమునకు ముద్దుబిడ్డగా నుండుట మాని మామూలు పౌరుడు కావలెనని ఆ తీర్పులో హితబోధయు చేయబడెను. 1896లో ప్లెస్సీ వ్యాజ్యమున 'వేరైనను సమానము' అను సిద్ధాంతము వెలువడెను. హార్లాను అను నొక్క న్యాయమూర్తి మాత్రము ఈ రెండు తీర్పులందును అసమ్మతి తెలిపెను.

పిమ్మట ఓటు పోయెను. 1890లో మిసిసిపీ రాష్ట్రము క్రొత్త రాజ్యాంగమును వ్రాసికొనెను. అందు జాతి పేరెత్తలేదు. తలపన్ను కట్టవలెననిరి, రాజ్యాంగములో నొక భాగమును చదివియో, విని యర్థము చెప్పియో అధికారిని మెప్పింపవలెననిరి. ఆ యధికారి తెల్లవాడు. తెల్ల రైతు చెప్పిన యర్థమెల్ల సరియయ్యెను. నల్ల ఉపాధ్యాయుడు చెప్పినదెల్ల తప్పయ్యెను. తక్కిన దక్షిణ రాష్ట్రములు నొకదాని వెనుక నొకటి ఈ త్రోవ తొక్కినవి. లూయిసియానాలో 1896లో 1,30,334 మంది నల్ల ఓటర్లు నమోదై యుండగా, 1904 నాటికి 1,342 మంది మిగిలిరి. ఎనిమిదేండ్లలో నూటికి ఒక్కడు! 1901లో జార్జి హెన్రీ వైటు కాంగ్రెసును వీడినది మొదలు 1929 వరకు ఆ మహాసభలో నల్లవాడొక్కడును లేడు.

పొలము మొదటినుండియు లేదు. 1865 జనవరిలో జనరల్ షెర్మను కొందరు విముక్తులకు నలువదేసి యెకరముల చొప్పున భూమి నిచ్చుటకు ఉత్తరువు చేసెను. ఆ యేడు ముగియకమునుపే అధ్యక్షుడు జాన్సను ఆ భూమిని పాత యజమానుల పాలు చేసెను. భూమిలేని స్వేచ్ఛ పాలునకును, పాలు అప్పునకును, అప్పు మరల చాకిరికిని దారితీసెను. ఋణబానిసత్వమును 1867లోనే చట్టము నిషేధించినను, 1911లో అలబామా శాసనమొకదానిని సుప్రీము కోర్టు కొట్టివేయవలసి వచ్చెననగా, ఆ నిషేధము నలువది నాలుగేండ్లలో నెంత దూరము నడచెనో తెలియుచున్నది. చిల్లర నేరములు మోపి నల్లవారిని చెరసాలనుండి గనులకును, తోటలకును అద్దెకిచ్చు పద్ధతి అలబామాలో 1928 వరకు సాగెను.

వీనియన్నిటికిని కావలికాచినది మూక. టస్కెగీ విద్యాలయమువారి లెక్క ప్రకారము 1882 మొదలు 1968 వరకు మూకలచే హతులైనవారు 4,743 మంది. అందు 3,446 మంది నల్లవారు. 1892లో మెంఫిసు పట్టణమున తన మిత్రులు మువ్వురను చంపగా, ఐడా వెల్సు అను పత్రికా సంపాదకురాలు ఈ హత్యలకు చెప్పబడు కారణములు బూటకములని వ్రాసెను. ఆమె ఊరలేని సమయమున పత్రికా కార్యాలయమును ధ్వంసముచేసిరి. ఆమె కలము ఆగలేదు. 1898లో విల్మింగ్టను పట్టణమున ఎన్నికైన ప్రభుత్వమునే సాయుధమూక కూలద్రోసి, నల్లవారి పత్రికా కార్యాలయమును తగులబెట్టెను. అమెరికా కాంగ్రెసు మూకహత్యను ప్రత్యేకమైన కేంద్ర నేరముగా పరిగణించు చట్టమును చేసినది 2022లో. వెల్సు కలము పట్టిన నూటముప్పదేండ్లకు!

ఈ చరిత్రతో మనకు సంబంధమేమి యని కొందరడుగుదురు. సంబంధము పాతది. 1873లో జ్యోతిరావు ఫూలే మహాశయుడు తన 'గులాంగిరీ' గ్రంథమును, నల్లవారిని దాస్యవిముక్తులను చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చెను. అదే యేట కోల్ఫాక్సులో విముక్తుల రక్తము ప్రవహించినది. ఆయన దూరమునుండి చూచినది వరమును. పూజారుల చేష్టలు ఇంకను సముద్రము దాటి రాలేదు. 1946లో అంబేద్కరు మహాశయుడు డబ్ల్యు. ఇ. బి. డుబాయిసు పండితునికి లేఖ వ్రాసి, అమెరికా నల్లవారు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన విజ్ఞప్తి ప్రతిని కోరెను. అప్పటికి అచటి సంగతి యిచట తెలిసియుండెను. జాతియు కులమును ఒక్కటియని మేము చెప్పము. రంగు కన్నులకు కనబడును. కులము పేరడిగి, వాడ యడిగి తెలిసికొనబడును. కాని హక్కు నిచ్చి, దానిని వాడుకొనవచ్చినవానిని శిక్షించు విధానము రెండుచోట్లను ఒక్కటే.

దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. నాటి కోలారు జిల్లా చింతామణి తాలూకాలో, తెలుగు పలుకు వినవచ్చు సీమయందే, కంబాలపల్లి యను గ్రామమున 2000 సంవత్సరము మార్చి 11వ తేదీన ఏడుగురు దళితులు సజీవదహనము కావింపబడిరి. ఇల్లు చితియయ్యెను. వ్యాజ్యము నడచెను. సాక్షులు మాట మార్చిరి. 2006లో నిందితులందరును నిర్దోషులుగా విడుదలైరి. 2014లో ఉన్నత న్యాయస్థానము ఆ విడుదలను స్థిరపరచెను. ఏడుగురు మృతులు కలరు. హంతకు డొక్కడును లేడు. మన గుంటూరు మండలములోని చుండూరున 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను తరిమి తరిమి నరికిరి. బాధితుల పట్టుదలచే ప్రత్యేక న్యాయస్థానము ఆ గ్రామములోనే వెలసెను. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్షపడెను. 2014 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము ఆ శిక్షలన్నిటిని రద్దుచేసెను. కోల్ఫాక్సు మృతులకును, కంబాలపల్లి మృతులకును నడుమ నూట యిరువదియేడేండ్ల యంతరమున్నది. న్యాయస్థానపు గుమ్మమున వారి బంధువులకు లభించిన సమాధానములో ఏపాటి యంతరమున్నదో పాఠకులే తేల్చుకొందురుగాక.

సాక్షి మాటమార్చెనని తీర్పులలో వ్రాయుట సులభము. ఏల మార్చెను? సాక్ష్యము చెప్పిన సాయంకాలము ఆతడు మరల ఆ యూరికే పోవలెను. ఆ చెరువు నీరే త్రాగవలెను, ఆ చేలలోనే కూలి వెదకికొనవలెను. వానికి భూమిలేదు, భూమిగలవారు ముద్దాయిలు. ఏండ్లతరబడి వాయిదాలు సాగినప్పుడు వానికి ముందుగా నశించునది ధైర్యము కాదు, తిండిగింజలు. ఓటువేసిన నల్ల కౌలుదారుని మరునాడు పొలమునుండి వెడలగొట్టిన మిసిసిపీ దొరలకు ఈ రహస్యము బాగుగా తెలియును.

కావున భూమి మాట యెత్తవలసియున్నది. షెడ్యూల్డు కులములవారికి ప్రభుత్వమిచ్చిన భూములు పరులపాలు కాకుండ కర్ణాటక ప్రభుత్వము 1978లో నొక చట్టము చేసెను. అక్రమముగా చేతులుమారిన భూమిని తిరిగి యిప్పించుట దాని యుద్దేశము. ఆనేకల్ తాలూకాలో నేడు ఎలక్ట్రానిక్ సిటీ కలదు. బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామిక వాడలు కలవు. రాగిచేను ధర యెకరములలో గాక అడుగులలో లెక్కకు వచ్చిన యిట్టి సీమలో ఆ చట్టము విలువ చెప్పనక్కరలేదు. 2017లో సుప్రీము కోర్టు, ఇట్టి యర్జీలను సమంజసమైన కాలములో పెట్టుకొనవలెనని తీర్పుచెప్పగా, ఆలస్యమను కారణమున బీదలు ఓడిపోవుట సాగెను. దస్తావేజు చదువనేరనివానికి తన హక్కు హరించెనని తెలియుటకే ఒక తరము పట్టునను సంగతి పరిగణనకు రాలేదు. బెంగుళూరున దీర్ఘకాలము ధర్నాలు జరిగిన పిమ్మట 2023లో శాసనసభ చట్టమును సవరించి, కాలపరిమితి లేదని స్పష్టముచేసెను. ఆ సవరణమునకు పిదపకూడ న్యాయస్థానములలో ఆలస్యపు వాదము సమసిపోలేదు. నలువదేసి యెకరముల యుత్తరువు వలె ఇదియు కాగితముపై నిలిచి పొలములో మాసిపోకుండ చూచుట పాలకుల బాధ్యత.

ఇచట నొక భేదమును గుర్తింపకున్న సత్యమునకు ద్రోహము చేసినవారమగుదుము. అమెరికా నల్లవారికి ఓటు పోయెను. మన దళితులకు పోలేదు. ఆనేకల్ శాసనసభా స్థానమే షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడియున్నది. ఇది స్వల్పలాభము కాదు. 2018 మార్చి 20న సుప్రీము కోర్టు అత్యాచారముల నిరోధక చట్టమునకు పగ్గములు వేసి, నమోదునకు ముందు ప్రాథమిక విచారణయు, నిర్బంధమునకు ముందు అనుమతియు వలయుననెను. ఏప్రిలు 2న దేశమంతట బందు జరిగెను. పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆగస్టులో పార్లమెంటు చట్టమును సవరించెను. 2019 అక్టోబరులో న్యాయస్థానమే తన యాదేశములను వెనుకకు తీసికొనెను. 2020లో సవరణమును సమర్థించెను. అమెరికాలో 1883 నాటి తీర్పు చేసిన నష్టమును పూరించుటకు 1964 వరకు, ఎనుబదియొక్క సంవత్సరములు, వేచియుండవలసి వచ్చెను. మన దేశమున ఐదు నెలలు చాలినవి. ఓటుగలవాని యార్తనాదము ఢిల్లీకి వినబడును.

కాని ఢిల్లీకి వినబడినది ఊరి చావడికి వినబడునా? ఇదియే మా ప్రశ్న. అమెరికాలో ఓటు పోగా దానివెంట తక్కినవన్నియు పోయినవి. మనదేశమున ఓటు నిలిచియుండగానే తక్కినవి పోవుచున్నవి. ఇది మరింత కనుగప్పు విద్య. ప్రత్యేక స్థానమున గెలిచిన సభ్యుడు గూడ ఉమ్మడి నియోజకవర్గపు బలవంతుల ఓట్లతో గెలువవలసినవాడే. పంచాయతీలో దళితునికి కుర్చీ దొరకిన, ఆ కుర్చీయే కొన్నిచోట్ల వాని మృత్యువైనది. 1997లో తమిళనాట మేలవళవు పంచాయతీ అధ్యక్షుడుగా ఎన్నికైన దళితునితోపాటు మరి యైదుగురిని హతమార్చిరి. విల్మింగ్టను కథ మనకు పరాయిది కాదు.

'చట్టము దుర్వినియోగమగుచున్నది' అని యొక ఫిర్యాదు తరచు వినబడుచున్నది. ఏ చట్టము దుర్వినియోగము కాదు? దొంగసాక్ష్యములు, అబద్ధపు దావాలు సివిలు కోర్టులలో కొల్లలు. అందుచే సివిలు కోర్టులను మూసివేయుడని యెవ్వరును కోరలేదు. వ్యాజ్యము వీగిపోయినంత మాత్రమున ఫిర్యాదు బూటకము కాదు. కంబాలపల్లిలో బూడిదయైనది బూటకమా? మరికొందరు 'కాలమే యన్నిటిని సరిదిద్దును, తొందరయేల' అందురు. ఈ శాంతివచనమునకు అమెరికాయే తగిన ప్రత్యుత్తరము. 1870లో నున్న హక్కు 1900లో లేదు. కాలము ముందునకు పోయెను. న్యాయము వెనుకకు పోయెను. కాలము బండివంటిది. ఎద్దులను ఎటు తోలిన నటు పోవును.

కావున మేము పాలకులను కోరునవి కొన్ని గలవు. ఇవి క్రొత్త వరములు కావు, ఇచ్చిన వరముల చెల్లింపు మాత్రమే. 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టమును సవరించి 2016 జనవరి 26 నుండి అమలులోనికి తెచ్చిన నిబంధనలలో బాధితులకును సాక్షులకును హక్కులు స్పష్టముగా చెప్పబడియున్నవి. అభియోగపత్రము దాఖలైన రెండు నెలలలో, సాధ్యమైనంతవరకు, విచారణ ముగియవలెననియు నున్నది. ఈ గడువు మాట ప్రతి జిల్లాలోను యేటేట లెక్కచెప్పబడవలెను. సాక్షికి పోలీసు కాపలా యొక్కటి చాలదు. వ్యాజ్యము ముగియువరకు వాని కుటుంబమునకు గ్రాసమును, వలసినచో మరియొక చోట నివాసమును ఏర్పరుపవలెను. వెట్టినుండి విడిపింపబడినవానికి విముక్తి పత్రము చేతికి వచ్చుటలో నాలస్యము తగదు. పత్రము లేనివానికి పరిహారము లేదు, పరిహారము లేనివాడు మరల అప్పుచేయును, అప్పుచేసినవాడు మరల కొట్టమునకు చేరును. చట్టము ప్రకారము జిల్లాకును, ఉపవిభాగమునకును నియమింపవలసిన నిఘా సంఘములు కాగితముపై గాక పల్లెలలో సమావేశమగుగాక. మంజూరు భూముల యర్జీలను తాలూకా కచేరీలలో తొక్కిపట్టువారిని జవాబుదారులను చేయవలెను.

ప్రజలను కోరున దొక్కటి. అమెరికాలో పునర్నిర్మాణమును కూల్చినవారు దక్షిణపు మూకలు మాత్రమే కారు. ఉత్తరమున నున్న మంచివారు విసిగిపోయిరి. ఈ నల్లవారి గొడవ యింకెన్నాళ్లు, వ్యాపారము చూచుకొందము, ఐకమత్యము ముఖ్యము అనిరి. మూక చేతిలోని కత్తి కన్న మంచివాని విసుగు ఎక్కువ హాని చేసెను. బెంగుళూరు మేడలలో కూర్చుండి రిజర్వేషనుల మాట వచ్చినంతనే ముఖము చిట్లించు విద్యావంతులగు మన తెలుగువారు ఈ సంగతిని నిదానముగా ఆలోచింతురుగాక. ఎలక్ట్రానిక్ సిటీ గాజుగోడలకు అనతిదూరముననే జీతగాండ్ర పల్లెలుండెను. ఆ గోడలు కట్టిన కూలీలలో ఎవరి తండ్రి యే కొట్టములో జీతమున్నాడో అడిగినవారు లేరు.

ఆనేకల్ సంతలో 'జీతము' అను మాటకు ఒక్కటే యర్థము మిగిలిన దినమున, ఆ యర్థము నెల మొదటి దినమున చేతికి వచ్చు రూపాయలే యైన దినమున, 1976 చట్టము నిజముగా అమలులోనికి వచ్చినదని మేము నమ్మెదము. అంతవరకు వరమిచ్చిన దేవుని పొగడుటకంటె పూజారి నడ్డగించుటయే మన విధి.